బండలోకి దిగిన పెట్రోలు

పెట్రోలు కారిన నేలను శుభ్రం చేయడం అంటే చాలామందికి జేసీబీ, టిప్పర్లే గుర్తుకొస్తాయి. చెడిన మట్టి ఎత్తి పారేసి, మంచి మట్టి పోస్తే అయిపోతుంది కదా అంటారు. పైపైన ఒలికిన దానికైతే అంతే. ట్యాంకు అడుగునో పైపు జాయింటు దగ్గరో నెలల తరబడి కారింది మాత్రం ఆ లెక్కకు లొంగదు. అది ఎటు పోయిందో, ఎంత లోతుకు దిగిందో కనిపెట్టడమే సగం పని. న్యూజెర్సీలో కొన్నేళ్లు ఆ పనిచేసి రాయలసీమలోని వాల్మీకిపురం వచ్చేశాను. ఇప్పుడు మదనపల్లె రోడ్డు మీద ఏ బంకు కనిపించినా నా చూపు ముందు పంపు మీదికి పోదు, కిందనున్న నేల మీదికి పోతుంది.

అక్కడ నా చేతిలో ఎక్కువసేపు ఉన్నది ఒక టేపు. దాని కొసన వేలెడంత సెన్సరు ఉంటుంది. బంకు చుట్టూ వేసిన సన్నటి పరిశీలన బోర్లలోకి దాన్ని మెల్లగా వదలాలి. పెట్రోలు తగిలితే ఆపకుండా కూత పెడుతుంది. ఇంకాస్త దిగి నీళ్లు తగిలితే ఆగి ఆగి కూస్తుంది. పెట్రోలు నీళ్లకంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది. ఆ రెండు కూతల మధ్య దూరమే లోపలున్న పెట్రోలు మందం. రాసుకోవడం, టేపు తుడవడం, తర్వాతి బోరుకు పోవడం. ఆ తర్వాత నమూనా. చిన్న గాజు సీసాను నీళ్లు అంచు మీద ఉబ్బి నిలిచేదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. లోపల చిన్న గాలిబుడగ కనిపించినా ఆ నమూనా పనికిరాదు. పెట్రోలులో మనం వెతికే బెంజీను అనే విషం ఆ బుడగలోకి ఎగిరిపోతుంది, ల్యాబులో లెక్క తగ్గి వస్తుంది. తర్వాత ఐసు పెట్టెలో సర్దాలి. ఈ పనిలో నేర్పంతా ఇలాంటి చోట్లే ఉంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో చిన్న లెక్క చెబుతాను. మన దేశంలో ఇప్పుడు అమ్మే బీఎస్-6 పెట్రోలులో బెంజీను ఒక శాతం మించకూడదు. ఆ శాతం పూర్తిగా ఉందనుకుంటే లీటరు పెట్రోలులో 8 గ్రాములకు పైనే బెంజీను ఉన్నట్టు. రక్త క్యాన్సరు తెచ్చే పదార్థమది. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఆ లీటరులోని బెంజీను మొత్తం నీళ్లలో కలిస్తే 8 లక్షల లీటర్లు తాగడానికి పనికిరాకుండా పోతాయి. మన ఊళ్లకు వేసవిలో వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 160 ట్యాంకర్లు. పైగా ఆ కాస్త బెంజీనుకు వాసన రాదు. ముక్కుకు తగిలేసరికి హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాచితే బెంజీను ఆవిరై వంటింట్లోకే వస్తుంది.

శుభ్రం చేసే వరస ఎక్కడైనా ఒకటే. ముందు కారడం ఆపాలి. తేలిన పెట్రోలు తోడాలి. నీటిమట్టం పైన మట్టిలో చిక్కుకున్న ఆవిరిని పంపులతో పీల్చాలి. నీటి అడుగుకు గాలి ఊదాలి. మిగిలింది సూక్ష్మజీవుల వంతు. 1972లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఆంబ్లర్ అనే ఊళ్లో పైపులైను నుంచి పెట్రోలు కారితే, సన్ ఆయిల్ కంపెనీలో పనిచేసే రిచర్డ్ రేమండ్ నేలలో అప్పటికే ఉన్న బ్యాక్టీరియాకు గాలి, నత్రజని, భాస్వరం అందించి వాటిచేతే పెట్రోలు తినిపించాడు. పైరుకు యూరియా, సూపరు ఫాస్ఫేటు వేసినట్టే అనుకోండి. మట్టిలో ఆ జీవులు ముందే ఉన్నాయి, వాటికి కరువైనవి గాలీ ఎరువూ. 1974లో ఆయనకు ఈ పద్ధతి మీద పేటెంటు వచ్చింది. ఇప్పుడు చాలా దేశాలు ఈ దారిన నడుస్తున్నాయి. అయినా తొందరపడితే కుదరదు. అమెరికాలో భూగర్భ ట్యాంకుల చట్టం 1984లో వచ్చింది. అప్పటినుంచి తేలిన లీకులు 5 లక్షలకు పైనే. పదింట తొమ్మిది శుభ్రమయ్యాయంటారు, మిగిలినవి నేటికీ సాగుతున్నాయి.

మనకు దగ్గరలో జరిగింది చెన్నై తండయార్‌పేటలో. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నై అది. 2013లో అక్కడి ఇళ్ల బోర్లలో నీళ్లతోపాటు చమురు పడింది. భూమిలో వేసిన భారత్ పెట్రోలియం పైపులైను కారిందని తేలింది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్లింది. బోర్లు వేసి చమురు తోడారు, ఐఐటీ మద్రాసు పరిశోధకులు అక్కడి నేలను, నీటిని పరిశీలించారు. అయినా కారిన రోజుల్లో పాడైన నీటిని బాగు చేయడానికి ఏళ్లు కావాల్సి వచ్చింది. అక్కడ ఉన్నది సముద్రతీరపు ఇసుక. బోరు ఎక్కడ వేసినా నీళ్లు తగులుతాయి, పంపు పెడితే చుట్టూరా లాగొచ్చు. ఈ విద్యకు అంతకంటే అనువైన నేల ఉండదు.

మన నేల సంగతి వేరు. వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ నల్లబండ మీద కూర్చున్న ఊళ్లు. పైన కొన్ని మీటర్ల మన్ను, మొరం, ఆ కింద బండ. నీళ్లు ఉండేది ఆ బండ పగుళ్లలో. ఒక పొలంలో వెయ్యి అడుగులు దింపినా దుమ్మే లేస్తుంది, గట్టు అవతల మూడొందలకే జల పడుతుంది. పెట్రోలు కూడా ఆ పగుళ్లు పట్టుకునే పోతుంది. బంకు పక్కింటి బోరు బాగుండి, వీధి చివర బోరు చెడిపోవచ్చు. నాలుగు పరిశీలన బోర్లు వేసి పెట్రోలు ఎందాకా పోయిందో గీత గీద్దామంటే ఇక్కడ కుదరదు. మనం కేసింగు బండ దాకే వేస్తాం. దాని చుట్టూ సందు మూయకపోతే అదే పై నుంచి లోపలికి దారి. నీళ్లు పడలేదని వదిలేసిన బోర్లు ఇంకా సూటి దారులు.

పైగా మన నీటిమట్టం ఒకచోట నిలవదు. కరువులో దిగజారినప్పుడు మీద తేలే పెట్రోలు దానివెంట దిగి, పోతూ పోతూ మన్నుకూ పగుళ్లకూ అంటుకుంటుంది. 2021 నవంబరులో కురిసినట్టు వానలు కురిస్తేనో, హంద్రీ-నీవా కాలువ నీళ్లతో చెరువులు నిండితేనో మట్టం మళ్లీ పైకొస్తుంది. అంటుకున్నదంతా మళ్లీ నీళ్లలోకి వస్తుంది. బోరు బాగైందనుకున్న ఇల్లు రెండేళ్ల తర్వాత వాసనొస్తోందని అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. నీళ్లు రావడమే మనకు పండగ కాబట్టి ఈ సంగతి మనకు ఇంకా ముఖ్యం.

అందుకే మన దగ్గర ఈ విద్యలో అసలు పనిముట్టు బంకులోనే ఉందంటాను. పొద్దున్నే బంకు కుర్రాడు ట్యాంకులోకి దించే డిప్పు కడ్డీ అది. కొసన ముద్ద రాసి దించితే అడుగున నీళ్లుంటే రంగు మారుతుంది. తడిసిన గీతను బట్టి ఎన్ని లీటర్లున్నాయో పట్టికలో చూసి, నిన్నటి నిల్వలోంచి అమ్మకం తీసేస్తే మిగలాల్సిన లెక్కతో పోల్చి, తేడాను రిజిస్టరులో రాస్తారు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే కొలుస్తున్నాయి, కానీ లెక్క చదవాల్సింది మనిషే. సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్ల పైమాట, నెలకు 130 లీటర్లు. ఒక రోజు తేడా చూస్తే ఎండకు ఆవిరైందిలే అనిపిస్తుంది. నెల రోజుల వరసను ఒకేచోట పెట్టి చూస్తే, కొలతలో వచ్చే మామూలు తేడా ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ చూపిస్తుంది, లీకు మాత్రం రోజూ ఒకే వైపు లాగుతుంది.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఈ చూపు ఇంకా పదునెక్కాలి. ట్యాంకులోకి వాననీరు దిగితే ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుగున చేరుతుంది. నేలలోకి కారినా చిక్కే. బ్యాక్టీరియా ముందు ఇథనాల్‌నే తింటుంది, ఉన్న ప్రాణవాయువంతా దానికే ఖర్చవుతుంది. బెంజీను వంతు వచ్చేసరికి గాలి మిగలదు, అది ఇంకా దూరం పోతుంది.

2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకు మార్గదర్శకాలిచ్చింది. బడులు, ఆసుపత్రులు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరం వాటిలో ఒకటి. దూరం మంచిదే, కానీ బండ పగులుకు 50 మీటర్లు ఒక లెక్కా?

నేను అడిగేది పెద్ద ఖర్చుది కాదు. ప్రతి బంకు ఆవరణలో ట్యాంకుల పక్కనే మొరం అడుగుదాకా ఒక పరిశీలన బోరు ఉండాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి దాన్ని కొలిచి, వచ్చిన అంకె పంచాయతీ బోర్డు మీద రాయాలి. చుట్టుపక్కల వట్టిపోయిన బోర్లు అడుగు నుంచి పైదాకా బంకమన్నుతోనో సిమెంటుతోనో పూడ్చాలి, రాయి మూత పెట్టి వదిలేయకూడదు. బోరు నీళ్లలో పెట్రోలు వాసన వస్తే మోటారు స్విచ్చి ముట్టకండి, నిప్పు రవ్వ చాలు. తహసీల్దారు కార్యాలయానికీ కాలుష్య నియంత్రణ మండలికీ కాగితం మీద రాసివ్వండి. ఇసుక నేలలో ఆలస్యమైతే ఏళ్లు పడుతుంది. మన బండలో ఆలస్యమైతే బాగుచేసే దారే ఉండకపోవచ్చు. రిజిస్టరులో రోజూ నాలుగు లీటర్ల తేడా ఒకే వైపు కనిపిస్తున్నప్పుడే పట్టుకోవాలి.