నిరాడంబరమా? నిర్బంధమా?

స్త్రీల వస్త్రధారణమును గూర్చి మన ఇండ్లలో ప్రసంగము వచ్చినపుడెల్ల ఒక వాదము తప్పక వినవచ్చుచుండును. "మా అవ్వల కాలమున ఆడువారు రెండు ముతక చీరలతో ఏడాది గడపలేదా? వారికి లేని సోకు వీరికేల?" అని పెద్దలందురు. రామగుండము, గోదావరిఖని ప్రాంతములందలి కార్మిక గృహములలోను, మా పాఠశాలలలోను ఈ మాట సుభాషితమువలె చెల్లుచున్నది. దీనిని పరీక్షింపక అంగీకరించుట తగదు.

అవ్వల కాలమనగా ముఖ్యముగా రెండవ ప్రపంచయుద్ధ కాలము, దాని వెంటనే వచ్చిన ఏండ్లును. గోదావరిఖని అప్పటికింకను గనుల పట్టణము కాలేదు. 1960 ప్రాంతమున ఇచట గనులు తెరచిన పిమ్మట నలుదిక్కుల పల్లెలనుండి వచ్చిన కుటుంబములు ఆ కాలపు జ్ఞాపకములను మూటగట్టుకొని వచ్చినవి. ఆ జ్ఞాపకములలో మిగిలినది ముతక చీర. మరుగుపడినది దాని కారణము.

కారణమేమన, యుద్ధము వచ్చుటతో మిల్లుబట్టలో పెద్దభాగము సైన్యమునకు పోయెను. విదేశపు బట్ట రాక ఆగెను. నూలు దొరకక చేనేతవారి మగ్గములు మూలబడెను. 1943 నాటికి బట్టల ధర యుద్ధపూర్వపు ధరకు నాలుగు రెట్లు మించగా, బ్రిటిషు ఇండియా ప్రభుత్వము ఆ ఏడు వస్త్రముపై కంట్రోలు విధించెను. బెంగాలులో కరవు వెంట వస్త్రాభావమును వచ్చి, ఒడలు కప్పుకొన బట్ట లేక స్త్రీలు గడప దాటలేని దుర్దశ దాపురించెను. నైజాము ఏలుబడి వేరైనను ఆ కొరత సరిహద్దు చూచి ఆగలేదు. 1948 జనవరిలో కంట్రోలు ఎత్తివేయగా ధరలు మరల ఎగసెను. ఆ ఏడే దానిని తిరిగి విధింపవలసివచ్చెను.

బొగ్గుతో బ్రతుకు మనము మరువరాని సంగతి మరియొకటి కలదు. భూగర్భమున స్త్రీలచే పని చేయింపరాదన్న నిషేధమును, బొగ్గు చాలక, ప్రభుత్వము సడలించినదియు 1943లోనే. బెంగాలు, బీహారు, మధ్యపరగణాల గనులలోనికి స్త్రీలు మరల దిగిరి. 1946లో గాని నిషేధము తిరిగి రాలేదు. స్త్రీ శ్రమ కావలసివచ్చినపుడు కట్టడి సడలినది. ఆమె కట్టవలసిన బట్టకు మాత్రము కట్టడి బిగిసినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారు ఆ చీరను నిరాడంబరమని పొగడగలరా?

నిరాడంబరమునకు ఇచ్ఛ ప్రాణము. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీమహాత్ముడు కొల్లాయి కట్టెను. కోరినచో ఆయన వేరు బట్ట కట్టగలిగియుండెను. కనుకనే అది వ్రతమయ్యెను. కంట్రోలు దుకాణము ముందు నిలిచి, దొరకిన తుండుతో ఇల్లు చేరిన స్త్రీ చేసినది వ్రతము కాదు. ఉన్నదానిని వదలుట త్యాగము. లేనిదానితో సర్దుకొనుట లేమి. లేమికి త్యాగమని పేరు పెట్టినచో, ఆ లేమిని తెచ్చినవారిని విడిచిపెట్టినట్లగును.

పేదరికమున అందముపై కోరిక చచ్చునని తలచుటయు పొరపాటే. 1930 దశాబ్దపు ఆర్థికమాంద్యమున అమెరికా పల్లెలలోని స్త్రీలు పిండి, దాణా వచ్చిన సంచులను విప్పి గౌనులు కుట్టుకొనిరి. అది కనిపెట్టిన వర్తకులు సంచులపై పూవులు, గళ్లు అచ్చువేయించి, ఉతికిన పోవు సిరాతో తమ పేర్లు ముద్రించిరి. పిండి కొనుటలోను పూవు నెంచుకొనిన ఆ గృహిణులను దుబారా మనుషులందుమా? ఇంగ్లండులో 1941లో బట్టలకు కూపనులు పెట్టినపుడు, మరుసటి ఏట పేరుగల రూపకర్తలచేతనే పొదుపు దుస్తులకు నమూనాలు గీయించిరి. బట్ట తగ్గినను సొగసు తగ్గనక్కరలేదని ఆ ప్రభుత్వమైనను గుర్తించినది.

మన విషయమునకు వత్తము. 2017లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పేద స్త్రీలకు చీరలు పంచెను. వానిలో కొన్ని సిరిసిల్ల నేతలు, కొన్ని సూరతునుండి వచ్చినవి. నాసిరకమని కొన్ని యెడల స్త్రీలు వానిని తగులబెట్టిరి. "ఉచితముగా వచ్చినదానికి వంక లేల?" అని లోకము వారిని నిందించెను. రాజకీయముల పాలు అందెంతయున్నను, నాకు తోచునది వేరు. తిరస్కరించుటకు హక్కు లేని చోట కట్టుటకు మర్యాదయు లేదు. తరువాతి ఏండ్లలో చీరలను సిరిసిల్ల మరమగ్గములపైననే నేయించి, రంగులు, అంచుల రకములు పెంచిరి. వంక పెట్టుటవలన స్త్రీకిని మేలు, నేతగానికిని మేలు జరిగినది.

ఇట్లనుటచే పెండ్లిపట్టుచీరలకై అప్పులలో మునుగుటను నేను సమర్థించుచున్నానని చదువరులు తలపరాదు. ఎంచుకొనుటకు వీలున్న చోట మితము బోధించుట ధర్మమే. కాని ఆ బోధ ఇంటిలో ఒకరికే చేయరాదు. జీతపురోజున సారాదుకాణమునకు పోవు పైకమును లెక్కింపని ఇంట, బిడ్డ కొనిన రవికగుడ్డకు లెక్క అడుగుట నీతి కాదు.

సింగరేణి కంపెనీ నష్టములపాలై 1992లోను 1996లోను ఖాయిలా పరిశ్రమల బోర్డు ఎదుట నిలిచినది. అట్టి ఏండ్లు మరల రావని ఎవరు చెప్పగలరు? వచ్చిననాడు ఖర్చు తగ్గింపవలసినదే. ఇంటిల్లిపాది కూర్చుండి, అందరి ఖర్చులును ఎదుట పెట్టుకొని, స్త్రీ సమ్మతితో తగ్గింపవలెను. అవ్వల ముతక చీరను ఆదర్శముగా చూపువారు మొదట ఆ అవ్వలనే అడిగియుండవలసినది: "మీరు దానిని కోరి కట్టితిరా?" అని. ఆ ప్రశ్న అడుగకయే వారి పేర మన బిడ్డలకు నీతులు చెప్పుట మానుదము.