ఆమ్లజని: ఒక శబ్దవిచారము

'ఆమ్లజని' యనగా ఆమ్లమును బుట్టించునది యని తరగతులలో బోధించుట పరిపాటి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోయిజర్ 1777 ప్రాంతమున ఉద్దేశించిన యర్థమిదియే. ఆమ్లత్వమునకీ వాయువే మూలమని తలచి, పులుపును దెలుపు గ్రీకు 'ఆక్సుస్' శబ్దమునకు 'జెన్' చేర్చి యాతడీ పేరు కల్పించెను. 1810లో డేవీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమున ఈ వాయువు లేదని స్థాపించెను. సిద్ధాంతము పోయినది, పేరు నిలిచినది. జర్మనుల 'జావర్‌స్టోఫ్', రష్యనుల 'కిస్లొరోద్', జపానీయుల 'సాన్సొ' ఆ భ్రమకే అనువాదములు. చీనీయుల పేరు మాత్రము పోషణార్థకము. మన 'ప్రాణవాయువు' దానికి చుట్టము. కాని పంచప్రాణములలోని ప్రాణముతో కలగాపులగమగు నా పదము శాస్త్రగ్రంథమున నాకు రుచింపదు.

అసలు చిక్కు 'జని'లో నున్నది. గ్రీకున 'జెనేస్' అంతమందున్న పదములకు 'పుట్టినది' యనుటయే సహజార్థము. డయోజెనీస్ అనగా జ్యూస్ దేవునివలన బుట్టినవాడు. సంస్కృత 'జని'కిని పుట్టుక యనియే ప్రసిద్ధి. రెండింటి ధాతువు నొక్కటియే. బహువ్రీహిగా విడదీసినచో 'ఆమ్లజని' ఆమ్లమువలన జన్మము గలదగును! లావోయిజర్ తలచినదానికి ఇది సరిగా విపరీతము. అతని యర్థము కావలెనన్న 'ఆమ్లజనక'మనవలసినది. ఆశ్చర్యమేమనగా, మన పరిభాషాకర్తలు గ్రీకు పదములోని సందిగ్ధతను సైతము తెలియకయే తెనుగునకు దెచ్చిరి.

ఇంతమాత్రమున పదమును త్రోసివేయ నక్కరలేదు. బురదలో బుట్టినదెల్ల పంకజము కాదు గదా! రూఢిగా గ్రహించిన చాలును. అయితే వ్యుత్పత్తి చెప్పు నుపాధ్యాయుడు డేవీ ప్రయోగమును గూడ చెప్పనిచో, ఖండితమైన సిద్ధాంతమునే మరల బోధించినట్లగును. 'ఉదజని' విషయమున చిక్కు సగమే: అది మండిన నీరు పుట్టుట సత్యము, 'జని' దోషము మాత్రము మిగులును.