ఆకలి తీరాక వచ్చే వంట

కాశ్మీరీ పెళ్లివిందు వజ్వాన్‌లో అన్నిటికంటే ఎక్కువ చాకిరీ చేయించుకునేది గుష్తాబా. వడ్డనలో దాని వంతు మాత్రం అట్టచివర. తబక్ మాజ్ పక్కటెముకలు, కబాబులు, రిస్తా, రోగన్ జోష్, రెండు మూడు కోర్మాలు కడుపులో పడి, తినేవాడు వెనక్కి జారగిలబడే వేళకి బత్తాయంత మాంసపు ఉండ పెరుగు పులుసులో తెల్లగా మెరుస్తూ వస్తుంది. ఇక ఆ తర్వాత మాంసం రాదు. మన బంతిలో పెరుగు వచ్చినట్టే.

శ్రీనగర్‌లో ఒక పెళ్లింటి పెరట్లో నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఈ ఉండకి మాంసం దంచే చోటే. నున్నటి రాతి మీద గొర్రె మాంసం, చేతిలో అక్రోటు కర్రతో చేసిన బరువైన సుత్తి. గొర్రెను కోసిన వెంటనే, ఒంటి వెచ్చదనం ఆరకముందే దంచాలి. బిగుసుకుపోయాక ఎంత బాదినా ఆ జిగురు రాదు. గుడ్డు లేదు, శనగపిండి లేదు. దంపుడుకి కండలోంచి వచ్చే జిగురే కొవ్వునీ నీటినీ పట్టి ఉంచాలి. దంచుతున్న కుర్రాడు ఉన్నట్టుండి ఆగి, వేళ్లతో తడిమి, తెల్లటి నరాల పోగుల్ని ఏరి పక్కన పడేస్తున్నాడు. ఆ తర్వాతే కొవ్వు, నల్ల యాలకులు, మళ్లీ దంపుడు. కైమా మిషను ఈ పని చెయ్యలేదు. అది కోస్తుంది, దంచదు.

ఇంచుమించు ఇదే ముద్దతో చేసే చిన్న ఉండలు రిస్తా. దాని ఎర్రటి పులుసులో పడే మావల్, మన పెరళ్లలో పెరిగే కోడిజుట్టు పువ్వు. గుష్తాబాకి పెరుగు విరగకుండా గరిటె ఆపకుండా కలుపుతూ కాచాలి. పొడవాటి కట్టెల పొయ్యి, కళాయి పూసిన రాగి డేగులు, వాటి మధ్య రాత్రంతా తిరిగే వంటవాళ్లు, అంటే వాజాలు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వృత్తి ఇది. శ్రీనగర్‌లో వాజాపొర అని వాళ్ల పేరనే ఒక పేట ఉంది. పెద్ద వంటవాణ్ని వస్త వాజా అంటారు. ఉప్పూ కారం మీద ఆయన మాటకి తిరుగులేదు.

తినేవాళ్లకీ ఒక పద్ధతుంది. కూర్చున్న చోటికే రాగి చెంబు, పళ్లెం తెచ్చి చేతులు కడిగిస్తారు. నలుగురికి ఒకే త్రామి, అంటే పెద్ద పళ్లెం. అన్నం గుట్ట మీద కబాబులు అడ్డంగా పేర్చి నాలుగు వాటాలు చేసి ఉంటుంది. ఎవరి వాటా వారిది, పక్కవాడి వైపు చెయ్యి చాచకూడదు. ముక్కూ మొహం తెలియని ముగ్గురితో ఒకే పళ్లెంలో తినడానికి నాకు మొదట మొహమాటమేసింది. ఎదుటి పెద్దాయన తన మేతి మాజ్ కొంచెం నా వైపు తోశాక అది పోయింది.

ఈ విందు ఖర్చు మధ్యతరగతి వాళ్ల నడ్డి విరుస్తుందన్నది నిజమే. 2017 ఏప్రిల్ 1 నుంచి మాంసాహారం 7 రకాలు, శాకాహారం 7 రకాలు దాటకూడదని, కూతురి పెళ్లికి 500 మంది, కొడుకు పెళ్లికి 400 మందే అతిథులని అక్కడి ప్రభుత్వం ఆదేశమిచ్చింది. నన్నడిగితే ఆ ఏడు రకాల అంకె తప్పేం కాదు. వరసగా వచ్చే కోర్మాల్లో ఒకదానికొకటి తేడా నా నాలుకకి అందలేదు. కానీ ఎన్ని కోసేసినా గుష్తాబా జోలికి పోయే ఇల్లుంటుందని అనుకోను. అది లేని విందుని వజ్వాన్ అనరు.

తినలేక మిగిలినది ఇంటికి పట్టుకెళ్లడానికి అతిథులకి సంచులిస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు. గుష్తాబా నేను రెండు ముద్దలకి మించి తినలేకపోయాను. మా త్రామిలో మూడు ఉండలు దాదాపు ముట్టకుండానే సంచుల్లోకి వెళ్లాయి. మర్నాడు వాటిని వేడి చేసుకుని, ఆకలి మీద కూర్చుని తిన్నది పెళ్లికి రాని ఇంటివాళ్లే అయ్యుంటారు.