ఆంగ్లదేశపు గతజీవిత చిత్రములు: ప్రత్యక్షపరోక్షవిచారము

వ్యాకరణము చదివినవానికి టెలివిజనుతో నేమి పని యని చదువరు లడుగవచ్చును. గతించిన కాలమును జెప్పుటకుఁ బాణిని మూఁడు లకారములను విధించెను. సామాన్యభూతమునకు లుఙ్, నేఁటిది కాని భూతమునకు లఙ్, వక్త కన్నులఁ బడని భూతమునకు లిట్. చెప్పువాఁడు చూచెనా లేదా యను ప్రశ్న క్రియారూపమునందే యిమిడియున్నది. ఆంగ్లదేశీయులు తమ పూర్వుల బ్రదుకును గూర్చి తీసిన టెలివిజను చిత్రములఁ గొన్నింటిని ఈ నడుమ వరుసగాఁ జూచితిని. చూచినంతసేపును నన్ను వేధించిన ప్రశ్న యొక్కటియే: వీనిలో నే చిత్రమునకు నే లకారము తగును?

లంకాషైరు సీమలోని బ్లాక్‌బర్న్ పట్టణమున సాగర్ మిచెల్, జేమ్స్ కెన్యన్ అను నిరువురు ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలోఁ జలనచిత్రములు తీయుచుండిరి. సంతలలో డేరాలు వేసి బొమ్మలు చూపువారు వీరిచేఁ జిత్రములు తీయించెడివారు. మిల్లుగేటు వెలుపల యంత్రమును నిలిపి, పని విడిచి వచ్చు జనమును జిత్రించి, ఆ జనమునకే వారి రూపములఁ జూపి డబ్బు రాఁబట్టుట వారి వ్యాపారము. 1994లో నొక పాత దుకాణమును ఖాళీచేయుచున్న పనివాండ్రకు లోహపు పీపాలలో సుమారు 800 చుట్టలు దొరకినవి. 2000లో నవి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటునకుఁ జేరినవి. డాన్ క్రూక్‌షాంక్ వ్యాఖ్యానముతో బీ.బీ.సీ. వానిని 2005లో మూఁడు భాగములుగాఁ జూపినది. అటకమీఁది తాటాకు గ్రంథములను జెదలనుండి తప్పించిన మన పరిశోధకులకు ఈ కథ క్రొత్తది కాదు.

ఆ చిత్రములలో శాలువలు కప్పుకొన్న స్త్రీలు, టోపీలు పెట్టుకొన్న పురుషులు, కొయ్య యడుగుల చెప్పులు తొడిగిన పిల్లలు గుంపులుగా వచ్చుచుందురు. కొందఱు బాలురు యంత్రము ముందునుండి పోయి, వెనుకనుండి పరుగెత్తివచ్చి మరల కనఁబడుదురు. నవ్వు వచ్చును. కాని యా పిల్లలలో ననేకులు సగము దినము బడికిని, సగము దినము మిల్లునకును బోవువారని బొమ్మ చెప్పదు. పండ్రెండేండ్లు నిండిన బిడ్డలకు నా విధ మైన పని చట్టసమ్మతముగా నుండెను. 1918 నాఁటి విద్యాశాసనము దానిని రద్దు చేసినది. కారకభాషలోఁ జెప్పవలయునన్నఁ, జిత్రము కర్తను జూపును, క్రియను జూపును, కర్మను జూపదు. లోపల నేసినదేమి? ఎవరికొఱకు? బ్లాక్‌బర్న్ మగ్గములు హిందూదేశమునకు ధోవతులు నేసి పంపుటలోఁ బేరు మోసినవి. ఆ గేటు వెడలు యువతి చేత నేయఁబడినది మన ముత్తాతలు కట్టిన వస్త్రమే కావచ్చును. సంప్రదానము మనము, కాని యా బొమ్మలో మనము లేము. ఇట్టి లుప్తకారకముల నధ్యాహారము చేయుటయే వ్యాఖ్యాత పని. చూచినది యంత్రము, మనము కాము. కనుక నిచట లిట్టే తగును. అయినను సాక్షి గల లిట్టు.

1999లో ఛానల్ ఫోర్ వారు చూపిన "ది 1900 హౌస్" దీనికిఁ బూర్తిగా విరుద్ధము. లండను నగరపు ఛార్ల్‌టన్ ప్రాంతమున నొక యింటిని 1900 నాఁటి రీతికి మార్చి, నేఁటి కుటుంబమునొకదానిని మూఁడు మాసము లందుఁ గాపురముంచిరి. తల రుద్దుకొనుటకు నాఁటి పద్ధతులు సరిపడక యా యింటి స్త్రీలు చాటుగా నేఁటి షాంపూను గొని తెచ్చుకొనిరి. దీనిని వినోదముగాఁ జూపిరి. నాకు మాత్ర మీ ప్రయోగము నందలి దోష మంతయు నచటనే బయటఁబడినట్లు తోఁచినది. ప్రతియోగిజ్ఞానము లేక యభావజ్ఞానము కలుగదని నైయాయికులు చెప్పుదురు గదా. కుండను ఎఱిఁగినవానికే కుండ లేదన్న తెలివి. నేఁటి షాంపూ నెఱుఁగని 1900 నాఁటి గృహిణికి దాని లేమి యెక్కడిది? ఆ కుటుంబ మనుభవించినది 1900 సంవత్సరము కాదు, 1999లోని వస్తువుల యభావము. మూఁడు మాసములకుఁ దలుపు తెఱచుకొనునని వారెఱుఁగుదురు. నాఁటి వారికట్టి తలుపు లేదు. స్మ యను నిపాతము చేరినప్పుడు లట్టు సైతము పరోక్షభూతమును దెలుపును. వీరు లట్టును బట్టుకొని స్మను జాఱవిడిచిరి.

అయినను బట్టలుదుకు దినమునఁ బడు శ్రమను వారి చేతులు తెలిసికొన్నవి. ఏ గ్రంథమును దాని నట్లు తెలుపఁజాలదు. ఈ గుణమును నిలుపుకొని, పై దోషమును జాలవఱకుఁ దప్పించుకొన్నది 2009 నాఁటి బీ.బీ.సీ. చిత్రము "విక్టోరియన్ ఫార్మ్". చరిత్రకారిణి రూత్ గుడ్‌మన్, పురావస్తువేత్తలు అలెక్స్ లాంగ్లండ్స్, పీటర్ గిన్ ష్రాప్‌షైరులోని ఆక్టన్ స్కాట్‌న నొక యేఁడు సేద్యము చేసిరి. హెన్రీ స్టీఫెన్స్ వ్రాసిన నాఁటి కృషిగ్రంథమును ముందుంచుకొని, అందుఁ జెప్పినది చేలోఁ జెల్లునో లేదో చేసి చూచిరి. లక్షణమును లక్ష్యముతో సరిచూచుటకంటెఁ బండితుఁడు కోరఁదగిన దేమున్నది? తాము నాఁటివారమని వారు నటింపరైరి. తమ మనోవ్యథలను నాఁటి వారికి నంటగట్టరైరి. పాఠశాలలో నొక్క చిత్రమునే చూపుట కవకాశమున్నచో, నేను దీనినే చూపుదును.

ఇఁక "సెవెన్ అప్!" సంగతి. 1964లో గ్రనాడా సంస్థ వేఱు వేఱు వర్గములకుఁ జెందిన పదునలువురు ఏడేండ్ల బిడ్డలను మాటలాడించి చిత్రించినది. నాఁడు సహాయకుఁడుగా నున్న మైకేల్ ఆప్టెడ్ తరువాతఁ దానే దర్శకుఁడై, ఏడేసి యేండ్ల కొకసారి వారిని మరల మరల వెదకి పలుకరించెను. 2019 నాఁటి "63 అప్" వఱకు నిది సాగినది. 2021లో నతఁడు మరణించెను. ఇందు గతమును దెచ్చిపెట్టుట లేదు. నాఁడు లట్టుగాఁ బలికిన మాటయే వక్త యెదుట లఙ్ అయి నిలుచును. అఱువదియేండ్లు దాఁటిన మనిషి తన యేడేండ్ల ముఖమును జూచి సిగ్గుపడుట, మాఱుమాటాడకుండుట, ఒక్కొక్కప్పుడు కోపించుట, ఇవి యే వ్యాఖ్యాతయుఁ గల్పింపనివి. లోప మొకటి కలదు. పదునలువురిలో నాఁడుపిల్లలు నలుగురే. స్త్రీల జీవితములు మాఱిన తీరు ఆ యేండ్ల చరిత్రలో నెంత ముఖ్యమో తరువాతఁ దెలిసికొని ఆప్టెడ్ చింతించెను. కాని ఏడేండ్ల ప్రాయము మరల రాదు గదా, ఆ సంఖ్యను దిద్దుట యతని వశము కాలేదు.