మూడో తరగతికి లెక్కల సారు

ఈ వారం హన్మకొండలో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. అక్కడి టీచర్లు తమలో తాము మాట్లాడుకుని ఒక మంచి ఏర్పాటు చేసుకున్నారు. లెక్కలంటే ఇష్టమున్న ఒక మేడమ్ మూడు, నాలుగు, ఐదు తరగతులకు లెక్కలే చెప్తారు. ఆమె తరగతికి తెలుగు, పరిసరాల విజ్ఞానం పక్క గది సారు చూసుకుంటారు.

నేను వెళ్లేసరికి 402లోంచి 178 తీసివేత నడుస్తోంది. ‘‘మధ్యలో సున్నా ఉంది కదా మేడమ్, ఎక్కడి నుంచి తీసుకోవాలి?’’ అని ఓ పిల్ల అడిగింది. మేడమ్ జవాబు చెప్పలేదు. పుల్లల కట్టలు ముందు పెట్టి, ‘‘నాలుగు వందల్లో పదులెన్ని?’’ అని తిరిగి అడిగారు. కాసేపు గుసగుసలు. వెనక బెంచీ నుంచి ‘‘నలభై!’’ అని వినిపించింది. నలభై పదుల కట్టల్లో ఒకటి విప్పారు. ముప్పై తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. ఇక 178 తీసేయడానికి ఏ చిక్కూ లేదు. ఆ జవాబు కోసం ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలుసు. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత మాట తెలుసు: పిల్లలకు లెక్కలు హైస్కూల్లో పోవు, మూడో తరగతిలో పోతాయి. కానీ 2009 విద్యాహక్కు చట్టం సబ్జెక్టు టీచరు ఉండాలన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. కింది తరగతుల్లో అన్నీ చెప్పేది ఎస్జీటీనే, అంటే సెకండరీ గ్రేడ్ టీచరే. ఆ ఉద్యోగానికి దారి వేసే టెట్ పేపర్-1లో 150 మార్కులకు లెక్కల వాటా 30. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, వాటిలో 6,508 ఎస్జీటీలవే. అంటే మన పిల్లల లెక్కలు ఎక్కువగా ఉన్నది వీళ్ల చేతుల్లోనే. దేశంలో పల్లెల్లోని ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమేనని అసర్ 2024 నివేదిక చెప్పింది.

కాబట్టి ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఒక లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ను ఇవ్వాలి అని రాద్దామని కూర్చున్నాను. అంతలో కొత్తవాడలో మాకు చదువు చెప్పిన సారు గుర్తొచ్చారు.

ఆయన లెక్కల పండితుడేమీ కాదు. మాకు తెలుగూ ఆయనే, లెక్కలూ ఆయనే, ఆటలూ ఆయనే. కొత్తవాడంటే జంపఖానాల వాడ; 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు అక్కడి మగ్గాల మీదివే. మా క్లాసులో ఒక నేతింటి పిల్లవాడు భాగహారమనగానే తల దించుకునేవాడు. సారు వాడికి పలక మీద లెక్క ఇవ్వలేదు. ‘‘మీ నాయిన రెండు వేళ్ల ఎరుపు, మూడు వేళ్ల నీలం వరసగా నేస్తున్నడనుకో. అరవై వేళ్ల పొడుగైతే ఎరుపు ఎంతొస్తదిరా?’’ అన్నారు. వాడు ఆలోచించనుకూడా లేదు. ‘‘ఐదు ఐదుగ పన్నెండు సార్లొస్తది సార్. ఎరుపు ఇరవై నాలుగు.’’ భాగహారం, గుణకారం రెండూ వాడి ఇంట్లోనే ఉన్నాయి. వాటిని బడిలోకి తెచ్చిన మనిషికి ఆ ఇల్లు తెలుసు, వాళ్ల నాయిన తెలుసు, ఆ వారం మగ్గం ఆడిందో లేదో కూడా తెలుసు. పూటకో టీచరు మారితే ఆయనకు అదంతా తెలిసేదా?

ఈ ప్రశ్నకు దూరాన ఒక జవాబుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ 50 ప్రాథమిక పాఠశాలలతో ప్రయోగం చేశారు. లాటరీలో ఎంపికైన బడుల్లో సబ్జెక్టుకో టీచరును పెట్టారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి: మార్కులు తగ్గాయి, హాజరూ తగ్గింది. ఒక్కో పిల్లవాడి మీద పెట్టే శ్రద్ధ తగ్గిందని టీచర్లే చెప్పారు. మన పక్కన ఆంధ్రప్రదేశ్ 2022లో జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపి సబ్జెక్టు టీచర్లను చూపింది. బడి దూరమైందని తల్లిదండ్రులు ఎదురుతిరిగారు. తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది.

అలాగని లెక్కల మీద పట్టు అక్కర్లేదని కాదు. గణిత విద్య పరిశోధకురాలు లీపింగ్ మా 1999లో రాసిన పుస్తకంలో, ఒకటీ ముప్పావును అరతో భాగించమంటే చైనా టీచర్లు 72 మందీ సరిగ్గా చేశారు. అమెరికా టీచర్లలో సగం మందికి కూడా రాలేదు. అమెరికా వాళ్లకన్నా చైనా టీచర్లు తక్కువ ఏళ్లు చదివినవాళ్లే. కానీ ఆ చిన్న లెక్కల మూలాలు పట్టుకున్నారు.

అందుకే నా కోరిక మారింది. మూడో తరగతి టీచరును మార్చొద్దు, ఆ టీచరు పక్కన లెక్కల మనిషిని కూర్చోబెట్టండి. ప్రతి స్కూల్ కాంప్లెక్సుకూ ప్రాథమిక లెక్కల కోసమే ఒక టీచరు ఉండాలి. ఆయన రిజిస్టర్లు తనిఖీ చేయకూడదు. ఒక బడిలో కొన్ని వారాలుండి, ఎస్జీటీతో కలిసి పాఠం చెప్పి, ఆమెకు ధైర్యం వచ్చాక ఇంకో బడికి వెళ్లాలి. నేను చూసిన బడిలో ఆ మేడమ్ పని నడుస్తున్నదంటే కారణముంది: పిల్లలు తక్కువ, ఒకటో తరగతి నుంచీ అందరూ ఆమె కళ్ల ముందే పెరిగారు. అన్నిచోట్లా అలా కుదరదు.

2022 ఆగస్టు 15న మన ప్రాథమిక బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వల్ల చదవడం, రాయడం, లెక్కలు చేయడం ప్రభుత్వం పట్టించుకునే పనులయ్యాయి. ఇప్పుడు దానికి మనుషులు కావాలి. వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఈ పోస్టులకు విడిగా ఒక వరుస ఉండాలని విద్యాశాఖను అడుగుతున్నాను.