పల్టన్ లేనివాళ్ళ ఇజ్జత్

శంషాబాద్ చుట్టుపక్కల సర్వీసు రోడ్ల మీద తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళను మీరూ చూసే ఉంటారు. కొందరు అగ్నివీర్ ర్యాలీకి, కొందరు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతుంటారు. నేను ఆర్మీలో చేసి వచ్చానని తెలిసి నడకలో ఆపి మాట్లాడతారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే: "అంకుల్, ఏ ఫోర్సులో ఇజ్జత్ ఎక్కువ?" జీతం, సెలవులు, పోస్టింగులు ఆ తర్వాతే. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ముందుగా ఇజ్జత్ గురించి అడగడం నాకు చాలా నచ్చుతుంది. రోడ్డు మీద నిలబడి చెప్పే జవాబు దానికి సరిపోదు. అందుకే ఈ వారం ఇక్కడ చెప్తున్నాను.

ఇజ్జత్ లేని దళం లేదు. కానీ అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎవరి పక్కన కూర్చుని తింటావు, ఎన్నేళ్ళు తింటావు, నువ్వు పోయాక నీ పేరు ఎవరు తలుచుకుంటారు అన్నదాన్ని బట్టి ఒక్కోచోట ఒక్కో రూపం తీసుకుంటుంది.

ఇన్‌ఫంట్రీలో అది పల్టన్‌ది, అంటే బెటాలియన్‌ది. జవాను ఏ పల్టన్‌లో చేరాడో సాధారణంగా అందులోనే పెన్షన్ దాకా ఉంటాడు. పల్టన్ ఇవాళ రాజస్థాన్‌లో, మూడేళ్ళకు సిక్కింలో ఉండొచ్చు, పక్క మంచం మీది మనిషి మాత్రం వాడే. నామ్, నమక్, నిషాన్ అనే మూడు మాటలు అక్కడ నిత్యం వినిపిస్తాయి. పల్టన్ పేరు, తిన్న ఉప్పు, ఎత్తిన జెండా. ఎప్పుడో 1965లోనో 1971లోనో గెలిచిన గుట్ట పేరున ఏటా పండగ చేసుకుంటారు. అప్పటికి పుట్టని కుర్రాడు కూడా "ఆ గుట్ట మనమే తీసుకున్నాం" అంటాడు. జవాన్ల భర్తీలో ప్రాంతం చూసే రెజిమెంట్లు ఉన్నాయి గానీ, ఆ "మనం" ప్రాంతం దగ్గర ఆగిపోదు. కర్నల్ సంతోష్ బాబును చూడండి. సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవాడు, 16 బిహార్‌కు కమాండింగ్ ఆఫీసర్ అయ్యాడు. 2020 జూన్ 15న గల్వాన్‌లో తన జవాన్ల ముందు నిలబడి పోరాడి ప్రాణమిచ్చాడు. ఆ ఘర్షణలో మనవాళ్ళు ఇరవై మంది పోయారు. మనకు ఆయన తెలుగువాడు, ఆ పల్టన్‌కు సీఓ సాబ్. రెండూ నిజమే, రెండూ గొప్పే.

తెలుగు పేరుతో మనకొక రెజిమెంటు లేదు. మద్రాస్ రెజిమెంటులో దక్షిణాది వాళ్ళందరితో పాటు మనవాళ్ళూ ఉంటారు. ఇంకా చాలామంది ఆర్టిలరీకి, ఆయుధాలు, వాహనాలు బాగుచేసే ఈఎంఈకి, ఆర్డ్‌నెన్స్‌కు, సిగ్నల్స్‌కు వెళ్తారు. గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ సెంటర్లు ఉన్నాయి కాబట్టి దేశం నలుమూలల నుంచి వచ్చే రిక్రూట్లు జంటనగరాల ఎండలోనే కవాతు నేర్చుకుంటారు.

నేను ఈఎంఈ వాణ్ణి. 1943 అక్టోబర్ 15న పుట్టిన కోర్. మా దగ్గర మొదటి మెట్టు మీద ఉన్నవాణ్ణి సిపాయి అనరు, క్రాఫ్ట్స్‌మన్ అంటారు. ఆర్టిలరీలో గన్నర్, ఇంజనీర్లలో సాపర్, ట్యాంకుల దళంలో సవార్. అందరిదీ ఒకే మెట్టు, కానీ పిలుపులోనే పని తెలుస్తుంది. అయితే ఈఎంఈ మనిషి బతుకు కొత్త కోడలి బతుకు. పుట్టింటి పేరు నెత్తిన పెట్టుకుని అత్తింట్లో కాపురం చేయాలి. టోపీ మీద మా కోర్ బ్యాడ్జి, తిండీ పడకా మాత్రం ఇంకో రెజిమెంటులో.

నేను చాలాకాలం ఒక ఆర్టిలరీ రెజిమెంటుతో ఉన్నాను. ఇన్‌ఫంట్రీకి జెండా మీద ఎంత గౌరవమో గన్నర్లకు తోపు మీద అంత. తోపే వాళ్ళ నిషాన్. సెప్టెంబర్ 28న గన్నర్స్ డే వచ్చిందంటే తోపును తుడిచి, తళతళలాడించి, దండ వేసి దండం పెడతారు. ఒక ఏడాది ఆ ముందు రాత్రే ఒక తోపుకు రికాయిల్ దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. మా వర్క్‌షాపు వాళ్ళం టార్చి వెలుతురులో సీళ్ళు మార్చి, నింపాల్సింది నింపి, ప్రెషర్ చూసి తెల్లవారేసరికి అప్పగించాం. పొద్దున దండ వేసేటప్పుడు నేను వెనక వరసలో నిలబడ్డాను. ఆ తోపు తాలూకు హవల్దార్ వచ్చి చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్ళాడు. "తూ భీ హాథ్ లగా, తేరీ భీ హై" అన్నాడు, నువ్వూ చెయ్యి వెయ్యి, ఇది నీది కూడా అని. ఆ రోజు నుంచి నాకు రెండు గర్వాలు. తోపు పేలినప్పుడు ఒకటి, పేలడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ఒకటి.

వైమానిక దళంలో లెక్క వేరు. దుండిగల్ అకాడమీలో 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశానికి తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికి వచ్చినప్పుడు ఫొటోలన్నీ వాళ్ళవే, అది న్యాయం కూడా. కానీ విమానం లేచే ముందు ఫారం 700 అనే పుస్తకంలో ఇంజను చూసినవాడు, ఆయుధాలు చూసినవాడు, రేడియో చూసినవాడు ఎవరి పనికి వాళ్ళు సంతకం పెడతారు. చివర్లో పైలట్ సంతకం పెట్టి విమానాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ఆకాశంలోకి పోయేది ఒకరో ఇద్దరో. వాళ్ళ ప్రాణం కిందనున్నవాళ్ళ సంతకం మీద ఉంటుంది. అందుకే ఎయిర్‌ఫోర్సు వాడు స్క్వాడ్రన్ గురించి ఎంత గర్వంగా చెప్తాడో తన ట్రేడు గురించీ అంతే గర్వంగా చెప్తాడు. నేవీలో కెప్టెనూ వంటవాడూ ఒకే ఓడలో ఉంటారు, మునిగితే ఇద్దరూ మునుగుతారు. విశాఖలో సబ్‌మెరైన్ మనిషిని ఎవరినైనా కదిలించండి, ఛాతీ మీద డాల్ఫిన్ బ్యాడ్జి ఎప్పుడు పెట్టారో తేదీతో సహా చెప్తాడు.

ఇంతవరకూ చెప్పింది పాటలున్న, పండగలున్న, పాత యుద్ధాలున్న దళాల గురించి. మా ఊళ్ళో రోజూ కనిపించే యూనిఫాం వీటిలో ఏదీ కాదు. విమానాశ్రయంలో మన బ్యాగు, మన ఒళ్ళు తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్ జవాన్ల గురించి నేను అసలు చెప్పాలనుకున్నది.

కొన్నాళ్ళు మా పక్క పోర్షన్‌లో సీఐఎస్ఎఫ్ హెడ్ కానిస్టేబుల్ ఒకాయన అద్దెకుండేవాడు. సిక్కోలు మనిషి. వైజాగ్ స్టీల్‌లో చేశాడు, రామగుండం ఎన్టీపీసీలో చేశాడు, శ్రీహరికోటలో చేశాడు, తర్వాత శంషాబాద్ వచ్చాడు. ఒకరోజు డాబా మీద కూర్చుని నా రెజిమెంటు కబుర్లు చెప్తుంటే చాలాసేపు విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మీకు పల్టన్ ఉంది బాబాయ్. మాకు పోస్టింగు ఆర్డరే ఉంది. ప్రతిసారీ ఒక్కణ్ణే పోవాలి, మళ్ళీ మొదటి నుంచి మనుషుల్ని వెతుక్కోవాలి." ఇంకాస్సేపటికి ఇంకో మాట కూడా అన్నాడు: "మేం బాగా చేసిన రోజు ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని ఎవరికి చెప్పుకుంటాం?"

ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. ఆ దళం చరిత్ర చూస్తే కారణం తెలుస్తుంది. 1964లో రాంచీలోని హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాని మీద వేసిన జస్టిస్ ముఖర్జీ కమిషన్ సిఫార్సుతో 1968లో చట్టం వచ్చింది, 1969 మార్చి 10న దళం పుట్టింది. ప్రభుత్వ కర్మాగారాల కాపలా కోసం పుట్టిన దళం. తాతలు గెలిచిన గుట్ట ఏదీ వీళ్ళకు లేదు. 1999 డిసెంబర్‌లో కాఠ్మాండూ నుంచి వస్తున్న ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్ళాక విమానాశ్రయాల భద్రత మీద దేశం మేలుకుంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఆ పని సీఐఎస్ఎఫ్‌కు అప్పగించుకుంటూ వచ్చారు. బేగంపేట మూసి 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక ఇక్కడ నడిచే ప్రతి ప్రయాణికుడి భద్రతా వాళ్ళ చేతుల్లో ఉంది.

ఆ పనిలో ఎంత నేర్పు ఉందో చాలామందికి తెలియదు. ఎక్స్‌రే తెర మీద లోహం నీలంగా కనిపిస్తుంది, తిండి వస్తువులు, బట్టలు, కాగితం, ప్లాస్టిక్ లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. పేలుడు పదార్థాలదీ ఆ నారింజ రంగే. సున్నుండలు, అరిసెలు, కారప్పొడులు కట్టుకుని అమెరికాకు పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలు ఎక్కువగా ఉండే విమానాశ్రయం ఇది. ప్రతి బ్యాగులోనూ నారింజ ముద్దలే. అందులో ఏది సున్నుండ, ఏది కాదు అని కొన్ని క్షణాల్లో తేల్చాలి, వెనక క్యూ పెరుగుతూ ఉంటుంది. కళ్ళు అలిసిపోతాయని ఒకే మనిషిని ఎక్కువసేపు తెర ముందు ఉంచరు, మారుస్తూ ఉంటారు. దీనికి ప్రత్యేక శిక్షణ, పరీక్ష ఉన్నాయి. సీల్ మార్చిన చేత్తో చెప్తున్నాను, ఇది మా వర్క్‌షాపు పని కంటే తేలిక కాదు. మా పనిలో తప్పు జరిగితే తెల్లారి చూసి సరిచేసేవాళ్ళం. అక్కడ తెల్లారే వరకూ టైం లేదు.

విమానాశ్రయ కాపలా చిన్న పని అనేవాళ్ళకు నేనొక కథ చెప్తాను. నిజాం కాలంలో బొల్లారం కేంద్రంగా హైదరాబాద్ కంటింజెంట్ అనే సేన ఉండేది. దాని పల్టన్ల నుంచే బ్రిటిష్ ఇండియా ఆర్మీలో 19వ హైదరాబాద్ రెజిమెంటు వచ్చింది. మెల్లమెల్లగా దాంట్లో కుమావూ కొండల వాళ్ళు పెరిగారు, 1945లో పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. హైదరాబాద్ పేరు పోయింది, పల్టన్ల సంప్రదాయం పోలేదు. 1942లో ఆ హైదరాబాద్ రెజిమెంటులోనే ఆఫీసరుగా చేరిన యువకుడు మేజర్ సోమనాథ్ శర్మ. 1947 నవంబర్ 3న హాకీలో విరిగిన చేతికి కట్టుతోనే కశ్మీర్‌లోని బడ్గాంలో తన కంపెనీని నడిపించాడు. ఎదురుగా తమకంటే ఎన్నో రెట్లు శత్రువులు. వాళ్ళు దాటుకుని పోతే తర్వాత ఉన్నది శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్. అది పోతే మన సైన్యం దిగే దారే లేదు. ఆయన, ఆయన జవాన్లు గంటల తరబడి వాళ్ళను ఆపారు, ఆయన ప్రాణం అక్కడే పోయింది. దేశంలో మొదటి పరమవీర చక్ర అది. హైదరాబాద్ పేరున్న రెజిమెంటులో చేరినవాడు ఒక విమానాశ్రయాన్ని కాపాడుతూ తెచ్చుకున్న పతకం. శంషాబాద్ గేటు దగ్గర నిలబడే జవాను తన వంశవృక్షం ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఈ పేరే చెప్తాను.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. 2004 జనవరి 1 నుంచి సీఐఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి దళాల్లో చేరినవాళ్ళను కొత్త పెన్షన్ పద్ధతిలో వేశారు. త్రివిధ దళాలకు పాత పెన్షన్ అలాగే ఉంచారు. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు వీళ్ళకూ పాత పెన్షన్ ఇవ్వాలని చెప్పింది, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంది. కేంద్రం చేసిన ఆ పని తప్పని నా అభిప్రాయం. అదే పట్టుదలతో అగ్నివీర్ గురించి కూడా ఒక మాట. నాలుగేళ్ళు చేశాక నలుగురిలో ఒక్కణ్ణి ఉంచి ముగ్గురిని పంపించే పద్ధతి అది. పల్టన్ ఇజ్జత్ ఏళ్ళ తరబడి పక్కపక్కన బతికితే వచ్చేది. పరుగెత్తే మా పిల్లలకు దాన్ని అందుకునేంత కాలం ఇవ్వాలి.

ఇక ఆ పిల్లల ప్రశ్నకు నా జవాబు. ఆర్మీకి వెళ్తే పల్టన్ మీకు ఇజ్జత్ ఇస్తుంది, దాన్ని చెడగొట్టకుండా చూసుకోండి. ఎయిర్‌ఫోర్సుకు, నేవీకి వెళ్తే మీ ట్రేడు, మీ ఓడ ఇస్తాయి. సీఐఎస్ఎఫ్‌కు వెళ్తే మీరే దాన్ని తయారుచేసుకోవాలి, ప్రతి షిఫ్టులో, ప్రతి బ్యాగు ముందు. అది అన్నిటికంటే కష్టం. చేయగలిగినవాళ్ళే వెళ్ళండి.

పెద్దలకు ఒక విన్నపం. ఆగస్టు 15న గ్రామపంచాయతీ దగ్గరో బడి దగ్గరో జెండా ఎగరేసేటప్పుడు మాజీ సైనికులమని మమ్మల్ని పిలిచి శాలువా కప్పుతారు. ఈసారి మీ ఊళ్ళో సీఐఎస్ఎఫ్ నుంచో సీఆర్పీఎఫ్ నుంచో రిటైరై వచ్చినవాళ్ళు ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ళనూ పిలవండి, మా వరసలోనే కూర్చోబెట్టండి.