ఆకులోని మందు మెదడుకు చేరునా?

నందిపేట్, ఆర్మూర్ ప్రాంతాలు పసుపు పంటకు పేరుపొందినవి. పసుపు తినేవారికి ముసలితనపు మతిమరుపు జబ్బు రాదని అక్కడనే కాదు, అన్ని చోట్లా చెప్పుకొంటారు. దీనికి తోడు మరొక మాట కూడా ప్రచారంలో ఉన్నది. మందుగా పనిచేసే మాంసకృత్తులను మొక్కల ఆకులలోనే తయారుచేయించి, ఆ ఆకుల పొడిని మింగిస్తే మెదడు జబ్బులు నయమవుతాయట. ఈ రెండు మాటలలో నిజమెంత? విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడు ఏమని చెప్పాలి?

నోటితో మింగిన మందు మెదడుకు చేరాలంటే మూడు గడపలు దాటవలె. మొదటిది జీర్ణాశయం. పప్పులోని మాంసకృత్తునైనా, మందులోని మాంసకృత్తునైనా జీర్ణరసాలు ఒకే తీరుగా ముక్కలు చేస్తాయి. 1922లో తొలిసారి రోగికి ఇచ్చిన ఇన్సులిన్‌ను నేటికీ సూదితో ఎక్కించవలసి రావడానికి ఇదే ముఖ్య కారణం. రెండవది పేగు గోడ. మాంసకృత్తు అణువు చాలా పెద్దది. అది చెక్కుచెదరకుండా ఈ గోడ దాటి రక్తంలో కలియడం కష్టం.

మూడవ గడప అన్నిటికంటె గట్టిది. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించగా ఇతర అవయవాలకు రంగు పట్టింది గాని మెదడుకు పట్టలేదు. మెదడుకు ఆ రంగును పట్టుకొనే గుణం లేదని ఆయన భావించాడు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించగా మెదడుకే రంగు పట్టింది. రక్తానికీ మెదడుకూ నడుమ అడ్డుగోడ ఉన్నదని దీనివల్ల తేలింది.

ఈ మూడు గడపలను దాటించే ఉపాయాన్ని మదురైలో చదువుకొని అమెరికాలో స్థిరపడిన హెన్రీ డేనియల్, ఆయన సహచరులు ప్రయత్నించారు. ఒక్క ఆకు కణంలో సుమారు 100 హరితరేణువులు, ఒక్కొక్క హరితరేణువులో సుమారు 100 జన్యుప్రతులు ఉండగలవు. అక్కడ కొత్త జన్యువును నాటితే కణానికి 10,000 ప్రతులు దొరికి, మాంసకృత్తు సమృద్ధిగా తయారవుతుంది. మొక్క కణానికి సెల్యులోజు కవచం ఉన్నది. మనిషి జీర్ణరసాలు దానిని కరిగించలేవు. పేగులోని సూక్ష్మజీవులు కరిగించగలవు. కాబట్టి మందు జీర్ణాశయంలో భద్రంగా ఉండి పేగులో బయటపడుతుంది. పేగు గోడను పట్టుకొని దాటడానికి కలరా విషంలోని హానిలేని భాగాన్ని దానికి జతచేశారు.

ఇందులో ఖర్చు సంగతి కూడా ఉన్నది. చెరకు పండించడం ఒక ఎత్తు. బోధన్ శక్కర్‌నగర్‌లో 2015 వరకు నిలిచిన కర్మాగారం వంటి చోట రసం తీసి, శుద్ధిచేసి, మరిగించి పంచదార చేయడం మరొక ఎత్తు. మాంసకృత్తు మందుల శుద్ధికీ, వాటిని చల్లగా నిలువ ఉంచడానికీ పెద్ద ఖర్చవుతుంది. చెరకును నమిలినట్లు ఎండిన ఆకు పొడినే మింగగలిగితే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

2014లో ‘మాలిక్యులర్ థెరపీ’ పత్రికలో ఈ బృందం తన ఫలితాలను ప్రకటించింది. అల్జీమర్ జబ్బు లక్షణాలు కలిగిన ఎలుకలకు ఇటువంటి మందును తినిపించగా అది మెదడుకు చేరింది. అక్కడ పేరుకొన్న అమైలాయిడ్ తగ్గింది. ఇది మెచ్చుకోదగిన పని. అయితే ఇక్కడే ఆగి ఆలోచించాలి.

ఎలుక మనిషి కాదు. అమైలాయిడ్ తగ్గడం, జ్ఞాపకశక్తి తిరిగి రావడం ఒకటి కావు. 2023లో అమెరికా పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే సూదిమందు అమైలాయిడ్‌ను బాగా తొలగిస్తుంది. 1,795 మందిపై 18 నెలలు జరిగిన పరీక్షలో అది జబ్బు ముదరడాన్ని సుమారు 27 శాతం నెమ్మదింపజేసింది. పోయిన జ్ఞాపకశక్తిని తిరిగి తేలేదు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన, క్యారెట్ కణాలలో తయారయ్యే గౌషే జబ్బు మందును కూడా రక్తనాళంలోకే ఎక్కిస్తారు. మొక్కలో తయారైనంత మాత్రాన మందు మింగదగినది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక పసుపు. అందులోని కర్క్యుమిన్ మాంసకృత్తు కాదు, చిన్న అణువు. అయినా పేగు నుంచి రక్తంలోకి చాలా స్వల్పంగా చేరుతుంది. 2012లో ప్రచురితమైన పరీక్షలో 36 మంది అల్జీమర్ రోగులలో కొందరికి రోజుకు 2 గ్రాములు, కొందరికి 4 గ్రాములు, మిగిలినవారికి ఉత్తుత్తి మందు 24 వారాలు ఇచ్చారు. మేలు కనిపించలేదు. పసుపులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్లనుకొంటే, 4 గ్రాముల కోసం రోజుకు 130 గ్రాములకు పైగా పసుపు తినవలె. కూరలో వేసే చిటికెడు పసుపు ఏపాటిది?

కాబట్టి ఆకు మందు ఆశ కలిగించే పరిశోధన. ఇంకా వైద్యం కాలేదు. పసుపు వాదం అంతదూరం కూడా రాలేదు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది రోగి. మతిమరుపులన్నీ అల్జీమర్ కావు. థైరాయిడ్ లోపం వల్లనూ, బి12 విటమిను లోపం వల్లనూ మతిమరుపు రావచ్చు. వాటికి వైద్యం ఉన్నది. ఇంట్లో పసుపు పాలు తాగిస్తూ నెలలు గడిపితే ఆ అవకాశం చేజారుతుంది. కొత్త మందు వార్త వచ్చినప్పుడు తరగతిలో నాలుగు ప్రశ్నలు వేయించడం మంచిది: కడుపులో నిలిచిందా? పేగు దాటిందా? మెదడుకు చేరిందా? చేరి, మనిషికి మేలు చేసిందా? ఎలుకలలో మొదటి మూడింటికీ అవునన్న జవాబు వచ్చింది. నాలుగవ దానికి జవాబు చెప్పవలసింది రోగులపై జరిగే పరీక్షలే.